మా నాన్నగారి మంచం మోసిన నలుగురికి

ప్రభువు నామంలో అందరికీ వందనాలండి. నాన్నగారు నిన్న ఇంటికొచ్చారు. వాకర్ పట్టుకుని గుమ్మం నుంచి వసారా దాకా నాలుగడుగులు వేశారు. ఆ కబురు ముందు మీకే చెప్పాలి.

ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం 13.75 అడుగులకి చేరి రెండో ప్రమాద హెచ్చరిక ఇచ్చిన రాత్రే ఆయన పెరట్లో జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. మా లంకకున్న కాజ్‌వే అప్పటికే మునిగిపోయింది. 108 అవతలి గట్టు దాకానే రాగలదు. అమ్మ ఒక్కతే ఉంది. నేను హైదరాబాద్‌లో ఫోను పట్టుకుని ఏడుస్తున్నాను.

తెల్లారకముందే నలుగురు వచ్చారు. నవారు మంచానికి రెండు వెదురు బొంగులు కట్టి, తువ్వాళ్ళు చుట్టచుట్టి భుజాన పెట్టుకుని, మోకాల్లోతు నీళ్ళలో అరటితోటల మీదుగా రేవు దాకా మోశారు. దారిలో ఒక్కసారి కూడా మంచం దించలేదట. ఎక్కడ దించుతారు, అంతా నీళ్ళే కదా. ఇద్దరు మన సంఘం వాళ్ళు, ఒకరు కొబ్బరి దింపే అన్నయ్య, ఇంకొకరు రామాలయం వీధి తమ్ముడు. పడవ దాటించిన మామయ్య డబ్బు ముట్టుకోలేదు. మార్కు సువార్తలో పక్షవాయువు గల మనిషిని మోసుకొచ్చిన నలుగురి పేర్లూ లేవు. మీరూ పేర్లు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు.

అమలాపురం ఆసుపత్రిలో ఉన్న 18 రోజులూ క్యారేజీ ఆగలేదు. అక్కలూ, మీ ఇళ్ళలోకీ నీళ్ళొచ్చాయి. గ్యాస్ పొయ్యి మంచం మీద పెట్టుకుని వండారని నాకు తర్వాత తెలిసింది.

ఒక్క సంగతి మాత్రం వివరంగా చెప్పాలి. 1836లో ఇంగ్లండు నుంచి వచ్చి ఈ డెల్టాలో సేవ చేసిన మిషనరీలు బౌడెన్, బీర్ గార్ల బాటలో నడిచే బ్రదరన్ సంఘం మాది. జీతానికి పాస్టరు ఉండరు, వాక్యం చెప్పేదీ పెద్దలే, చాపలు పరిచేదీ పెద్దలే. ఆ పెద్దల్లో ఒకాయన రోజూ సాయంత్రం వచ్చి, తువ్వాలు నడుముకి బిగించి, బెడ్‌పాన్ తీసి, నాన్నగారి ఒళ్ళు తుడిచేవారు. మొదటిరోజు నాన్నగారు సిగ్గుతో గోడవైపు తిరిగిపోయారు. "యేసు ప్రభువు కాళ్ళు కడగబోతే పేతురూ ఇలాగే వద్దన్నాడు కదా మాస్టారూ, కాళ్ళు ఇటు పెట్టండి" అన్నారాయన. వేళ్ళ సందుల్లో ఇంకా వరద బురదే ఉంది. వేడినీళ్ళ గుడ్డతో ఒక్కో వేలూ తుడిచారు. నాన్నగారు ఏడ్చేశారు.

బైబిల్లో గలతీ పత్రిక 6వ అధ్యాయంలో రెండో వచనం ఒకరి భారాలు ఒకరు మోయమంటుంది. ఐదో వచనం ఎవరి బరువు వాళ్ళే మోసుకోవాలంటుంది. నాన్నగారు తన విషయంలో ఎప్పుడూ ఐదో వచనమే పట్టుకున్నారు. ఊళ్ళో ఎవరికి కష్టమొచ్చినా ముందు పరిగెత్తేవారు, తనకోసం మాత్రం ఎవర్నీ మంచినీళ్ళు కూడా అడిగేవారు కాదు. డిశ్చార్జి రోజున, "అమ్మా, వాళ్ళని రేపు కూడా రమ్మను" అన్నారు. ఆ మాట ఆయన నోట వినడం నాకు ఇదే మొదటిసారి.

మంచంతో పాటు ఒక గళ్ళ తువ్వాలు మా ఇంటికి తిరిగొచ్చింది. అమ్మ ఉతికి మడతపెట్టి ఉంచింది. ఎవరిదో వచ్చి పట్టుకెళ్ళండి. టీ తాగకుండా పంపొద్దని నాన్నగారి మాట.