నీ మార్కుల పట్టికకు నా అభ్యంతరాలు

ప్రియమైన రవీ,

నువ్వు పంపిన మార్కుల పట్టిక నాలుగు రోజులుగా నా బల్ల మీదే ఉంది. ముప్పై హెవీ మెటల్ పాటలు, ఒక్కొక్కదాని బరువుకు పదికి ఇన్ని అని మార్కులు, అడుగున తీర్పు చెప్పిన జడ్జిలా నీ సంతకం. మొదటిసారి చదివితే నవ్వొచ్చింది. రెండోసారి ఒళ్లు మండింది. డ్రాగన్‌ఫోర్స్ వాళ్ల ‘త్రూ ద ఫైర్ అండ్ ఫ్లేమ్స్’కి తొమ్మిదిన్నర వేసిన చేత్తోనే ‘బ్లాక్ సబ్బత్’ పాటకు ఆరు వేశావు. ఇన్నేళ్ల స్నేహం కాబట్టి ఉత్తరం రాస్తున్నాను, లేకపోతే మాట్లాడడమే మానేసేవాణ్ణి.

ముందు ఆ తొమ్మిదిన్నర సంగతి తేల్చుకుందాం. ఆ పాట నిమిషానికి దాదాపు 200 దెబ్బల వేగంతో దౌడు తీస్తుంది. గిటార్లు పైస్థాయిలో ఒకదాన్నొకటి తరుముకుంటాయి, గాయకుడు కూడా పైస్థాయిలోనే పాడతాడు. వింటుంటే హుషారు వస్తుంది, నిజమే. కానీ కాళ్లు నేలకు ఆనవు. బరువున్న పాట వింటే పాదాలు నేలలోకి దిగబడాలి కదా! నువ్వు కొలిచింది వేగాన్ని. నాకూ ఆ పాట ఇష్టమే, అయినా ఇష్టం వేరు, తూకం వేరు. నా లెక్కలో దానికి మూడు. అది కూడా డ్రమ్ముల మొహం చూసి.

వేగం పెరిగేకొద్దీ బరువు తగ్గుతుందని నేను సూత్రం చెయ్యను. అయితే ఒకటి గమనించు. దెబ్బలు మరీ దగ్గర దగ్గరగా పడితే చెవి వాటిని విడివిడిగా లెక్కపెట్టడం మానేసి, మొత్తాన్ని ఒకే హోరుగా వింటుంది. హోరుకు భయపెట్టే శక్తి ఉంటుంది, మీద పడి నలిపే శక్తి తక్కువ. దెబ్బ పడాలి, అది కిందకు దిగాలి, తర్వాతి దెబ్బ కోసం మనం ఎదురుచూడాలి. బరువంతా ఆ ఎదురుచూపులోనే ఉంటుందని నా నమ్మకం. నేపామ్ డెత్ బృందం 1987 నాటి తొలి ఆల్బమ్‌లో ‘యూ సఫర్’ అని ఒక పాట ఉంది, మొత్తం నిడివి సెకను పైన కాస్త. నువ్వు దానికి కూడా ఎనిమిది వేశావు. తూకం రాయి పళ్లెంలో పెట్టేలోపే సరుకు అయిపోతుంది కదయ్యా, ఎలా తూచావు?

ఇక ‘బ్లాక్ సబ్బత్’. 1970 ఫిబ్రవరిలో అదే పేరు గల బృందం అదే పేరుతో తెచ్చిన ఆల్బమ్‌లో మొదటి పాట ఇది. నిన్న రాత్రి దీపం ఆర్పేసి మళ్లీ విన్నాను. వాన, దూరంగా గంట, ఉరుము. తర్వాత ఒక్కసారిగా మూడే మూడు స్వరాలు. మొదటిది షడ్జం అనుకో, రెండోది పైస్థాయిలో అదే షడ్జం. అక్కణ్ణుంచి పంచమానికి వస్తుందని చెవి ఆశిస్తుంది. బృందం గిటారిస్టు టోనీ అయోమి పంచమానికి ఒక్క మెట్టు కింద, ప్రతిమధ్యమం మీద ఆగుతాడు. ఆగి, వేలు ఊపుతూ దాన్ని అక్కడే వణికిస్తాడు. మెట్టు ఉందనుకుని చీకట్లో కాలు వేసినట్టు ఉంటుంది. అసలు దెబ్బ ఆ తర్వాత ఉంది. చరణం రాగానే గిటారు అవే స్వరాలను గుసగుసగా వాయిస్తుంది, గాయకుడు ఓజీ గొంతు దాదాపు ఒంటరిగా మిగులుతుంది. మళ్లీ ఎప్పుడు మీద పడుతుందో తెలియదు. పడ్డప్పుడు మొదటిసారి కంటే రెట్టింపు బరువుగా ఉంటుంది, వాయించింది అదే అయినా. ఆ గుసగుస లేకపోతే ఆ గర్జనకు అంత విలువ ఉండేదా? ఆ ఆల్బమ్ దాదాపు మొత్తం ఒక్క రోజులో రికార్డు చేశారు. ఈ పాటలో గిటారు శ్రుతి కూడా దించలేదు, మామూలు శ్రుతే. దీనికి ఆరా?

శ్రుతి అంటే గుర్తొచ్చింది, తర్వాతి కథ నీకు తెలిసే ఉంటుంది, అయినా చెప్పనివ్వు. అయోమి పదిహేడేళ్ల వయసులో లోహపు రేకుల కర్మాగారంలో పని చేస్తూ కుడి చేతి రెండు వేళ్ల కొసలు పోగొట్టుకున్నాడు. ఎడమచేతి వాటం కాబట్టి తీగలు నొక్కాల్సింది ఆ కుడి చేతి వేళ్లతోనే. ప్లాస్టిక్ సీసాను కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు, పైన తోలు అతికించాడు, సన్నని తీగలు వాడాడు. 1971లో ‘మాస్టర్ ఆఫ్ రియాలిటీ’ ఆల్బమ్ నాటికి కొన్ని పాటలకు శ్రుతిని మూడు అర స్వరాలు దించేశాడు. తీగ వదులైతే వేళ్లకు నొప్పి తక్కువ. ఆ నొప్పి తగ్గించుకునే ఉపాయమే తర్వాతి యాభై ఏళ్ల మెటల్‌కు అలవాటైంది.

మొన్న నా పాత గిటారు తీసి అదే చేసి చూశాను. లావు తీగ మామూలుగా సెకనుకు 82 సార్లు కంపిస్తుంది, మూడు అర స్వరాలు దించితే 69. సంఖ్యలో తేడా చిన్నదే. చేతిలో మాత్రం వేరే వాద్యం పట్టుకున్నట్టు ఉంది. తీగ మెత్తబడింది, మీటితే మెట్లకు తగిలి టపటపమంది. గట్టిగా కొట్టగానే స్వరం ఒక్క క్షణం పైకి లేచి, మెల్లగా తన చోటికి జారింది. ఆ జారుడు దగ్గరే నేను ఆగిపోయాను. లావుపాటి మనిషి మంచం మీద కూర్చున్నప్పుడు మంచం ముందు మూలిగి, తర్వాత కుదురుకున్నట్టు! పావుగంట సేపు అదొక్కటే వాయిస్తూ కూర్చున్నాను. పక్క గదిలోంచి తలుపు వేసిన చప్పుడు వినిపించింది, ఎందుకో అడగలేదు.

ఇంకో ప్రయోగం నువ్వే చేసి చూడు. శ్రుతి మామూలుగానే పెట్టి, లావు తీగ మీద షడ్జం, దాని పక్క తీగ మీద పంచమం రెండూ కలిపి కొట్టు. పవర్ కార్డ్ అంటారే, అదే. శుభ్రమైన ధ్వనిలో బోసిగా ఉంటుంది. ఇప్పుడు డిస్టార్షన్, అంటే ధ్వనిని నలిపి గరుకు చేసే మీట, పెంచు. కింద ఎవరో బేస్ గిటారు అందుకున్నట్టు ఉంటుంది. ఒక స్వరం 82, రెండోది 123. ఆంప్లిఫయర్ ఆ రెండింటినీ నలిపేటప్పుడు వాటి మధ్య తేడాను కూడా మూడో స్వరంగా పుట్టిస్తుంది. 123లోంచి 82 తీస్తే 41, అంటే సరిగ్గా ఒక స్థాయి కింది షడ్జం. బేస్ గిటారు లావు తీగ కంపించేది కూడా అంతే. ఎవరూ వాయించని మంద్ర స్వరం! మూడేసి స్వరాల కార్డులు వదిలేసి మెటల్ వాళ్లందరూ ఈ రెండు స్వరాలనే పట్టుకు వేలాడటం ఊరికే కాదు.

నీ పట్టికలో పెద్ద లోపం ఇంకొకటి ఉంది. నువ్వు ఒక్కో పాటనూ ఒక్కో శబ్దంలో విన్నావు. కొత్త రికార్డింగులను తయారీలోనే బాగా బిగించి శబ్దం పెంచుతారు, 1970ల నాటివి మెల్లగా వినిపిస్తాయి. శబ్దం మీట ముట్టుకోకుండా వింటే కొత్తవే గెలుస్తాయి. పైగా శబ్దం తగ్గేకొద్దీ మన చెవి ముందుగా పోగొట్టుకునేది అడుగు స్వరాలనే. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే దీన్ని గీతలు గీసి చూపించారు. అందుకే నేను ఫోనులో శబ్దం కొలిచే సాధనం పెట్టుకుని, అన్ని పాటలనూ ఒకే మట్టానికి తెచ్చి, మళ్లీ మొదటి నుంచి విన్నాను. రెండు సాయంత్రాలు పోయాయి. ఫలితం చెప్పనా? నీ మొదటి పది పాటల్లో ఐదు జారిపోయాయి, నా సొంత అంచనాలు కూడా రెండు తలకిందులయ్యాయి.

మెటాలికా విషయంలో సగం నువ్వు గెలిచావు. ‘అండ్ జస్టిస్ ఫర్ ఆల్’ (1988) ఆల్బమ్‌లో బేస్ గిటారు దాదాపు వినిపించదు. గిటార్లు రంపంలా కోస్తాయే తప్ప అడుగున నేల లేదు. అందుకే ‘శాడ్ బట్ ట్రూ’ (1991) దానికంటే బరువని నా వాదన. ఒక పూర్తి స్వరం దించిన శ్రుతి, తొందర లేని నడక, మధ్యలో మొత్తం ఆగిపోయే ఆ ఒక్క క్షణం. నువ్వు ఐదు వేశావు, నేను ఎనిమిదిన్నర. కానీ ఆ 1988 ఆల్బమ్‌లోనే ఉన్న ‘వన్’ చివరి భాగంలో కాలి డ్రమ్ములు, గిటార్లు కలిసి ఒకే తుపాకీలా పేలే చోట, బేస్ లేకపోయినా గుండెలో తగిలింది. అందరూ వెంట్రుకవాసి తేడా లేకుండా కలిసి కొడితే అదీ ఒక బరువే. ఒప్పుకున్నాను, రాసి పెట్టుకో. మెషుగ్గా వాళ్ల ‘బ్లీడ్’ (2008) మొత్తం ఆ ఉపాయం మీదే నిలబడింది. ఎనిమిది తీగల గిటార్ల వల్ల అంటావు నువ్వు, కాళ్లూ చేతులూ ఒకే యంత్రంగా మారడం వల్ల అంటాను నేను.

ఎంటూమ్డ్ వాళ్ల ‘లెఫ్ట్ హ్యాండ్ పాత్’కి ఏడు చాలు. గిటారు ధ్వనిని గరుకు చేసే బాస్ కంపెనీ హెచ్‌ఎం-2 పెడల్ మీద ఉన్న నాలుగు మీటలనూ చివరి వరకూ తిప్పేస్తే వచ్చే ఆ రంపపు మోత నాకు ప్రాణం, అయితే అది పదును, బరువు తర్వాత సంగతి. గొంతు చించుకుని అరవడానికి నువ్వు అదనంగా వేసిన మార్కులన్నీ కొట్టేశాను. స్లీప్ వాళ్ల ‘డోప్‌స్మోకర్’ గంటకు పైగా సాగే ఒకే పాట. పూర్తిగా రెండుసార్లే వినగలిగాను. దాన్ని పదిలో తూచడం అన్యాయం, దానికి వేరే కాటా కావాలి.

నీ పట్టికలో లేని పాట ఒకటి చేరుస్తున్నాను. లెడ్ జెప్లిన్ ‘వెన్ ద లెవీ బ్రేక్స్’, 1971. మెటల్ కాదని గొడవ పెట్టుకోకు. వాళ్ల డ్రమ్మర్ బోనమ్ డ్రమ్ములను హెడ్లీ గ్రేంజ్ అనే పాత ఇంట్లో మెట్ల హాలు అడుగున పెట్టి, పైనుంచి మైకులు వేలాడదీసి రికార్డు చేశారు. ప్రతి దెబ్బ వెనుకా ఆ ఇల్లంతా వినిపిస్తుంది. గిటార్లు తీసేసినా సరే, ఆ పాట ఎత్తడానికి ఇద్దరు మనుషులు కావాలి. తొమ్మిది.

చివరగా నా తప్పు. స్లేయర్ ‘రెయినింగ్ బ్లడ్’కి నేను ఎప్పుడూ ఆరే వేసేవాణ్ణి, వేగం పాటని. మట్టం సమం చేసి విన్నాక తెలిసింది, నేను ఇన్నాళ్లూ పాట మధ్యలోంచి వింటున్నానని. మొదట్లో గిటారు ఊళ వేస్తుంటే డ్రమ్ముల మీద మూడు దెబ్బలు పడతాయి. ఖాళీ. మళ్లీ మూడు. ఆ ఖాళీలో నేను ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. తర్వాత వచ్చే దౌడు బరువంతా ఆ మూడు దెబ్బల దగ్గర తీసుకున్న అప్పు. ఎనిమిదికి పెంచాను. తొమ్మిది అడుగుతావని తెలుసు, ఇవ్వను.

నీ పట్టిక వెనుక వైపు నా మార్కులు రాసి దీనితో పాటు పంపిస్తున్నాను. నువ్వు కూడా మట్టం సమం చేసి మళ్లీ విను. అప్పటికీ డ్రాగన్‌ఫోర్స్ తొమ్మిదిన్నరే అంటే ఉత్తరం రాయకు, నేరుగా వచ్చి నా ఎదురుగా కూర్చుని చెప్పు.

నీ
శేఖర్