ఆదివారం మేడ మీద సినిమా

అందరికీ నమస్కారం. ఆదివారం సాయంత్రం 7కి మా మేడ మీద ‘ది యంగ్ కార్ల్ మార్క్స్’ (2017) వేస్తున్నా. ఫొటోల్లోని తెల్లగడ్డం పెద్దాయన కాదు, చేతిలో డబ్బులాడని పాతికేళ్ల కుర్రాడు.

మొదటి సీన్ మాత్రం మిస్సవ్వద్దు. అడవిలో రాలిన పుల్లలు ఏరుకునే పేదల మీదికి గుర్రాలేసుకుని వస్తారు. ఈ పుల్లల ‘దొంగతనం’ చట్టం మీద మార్క్స్ 1842లోనే పత్రికలో రాశాడు. నాకైతే చంద్రగిరి కొండ కింద మోపు దించి, ఫారెస్టోళ్లు వస్తున్నారేమోనని వెనక్కి చూసే మా అవ్వే గుర్తొచ్చింది.

1844లో పారిస్‌లో ఎంగెల్స్‌తో స్నేహం కుదిరాక కథ ఊపందుకుంటుంది. మధ్యలో వాదనలు కాస్త సాగుతాయి, ముందే చెప్తున్నా. సబ్‌టైటిల్స్ ఇంగ్లీషే, అర్థం కాకపోతే పక్కనే ఉంటాలే.

చాపలు మీరు తెచ్చుకోండి. బొరుగులు, మిరపకాయ బజ్జీలు నావి.