బోర్డు రాసిన ఒక్క ముక్కతో జవాను పెన్షన్ పోవాలా?

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను ఆర్మీలో హవల్దారుగా చేసి వచ్చాను. మా వైపు రిటైరై వచ్చే కుర్రాళ్లు కాగితాలు పట్టుకొచ్చి చూపిస్తుంటారు. మొన్న ఒక తమ్ముడి మెడికల్ బోర్డు కాగితం చూశాను. రిటైరయ్యేటప్పుడు సైనిక డాక్టర్ల బృందం పరీక్షించి రాసే కాగితం ఇది, వైకల్య పెన్షన్ (డిసెబిలిటీ పెన్షన్) వచ్చేదీ రానిదీ దీన్నిబట్టే. బీపీ, వైకల్యం 30 శాతం అని రాసి, పక్కనే ఇది సర్వీసు వల్ల వచ్చిందీ కాదు, సర్వీసు వల్ల ముదిరిందీ కాదు అని ఒక్క ముక్క రాసేశారు. కారణమేంటంటే పీస్ స్టేషన్లో, అంటే సరిహద్దుకు దూరంగా ప్రశాంతమైన చోట, ఉండగా బయటపడిందట! అంతకుముందు మంచుకొండల మీద చేసిన డ్యూటీ, నిద్రలేని రాత్రులు, ఇంటి టెన్షన్ ఏమయ్యాయి మరి?

భర్తీలో నిలువునా పరీక్ష చేసి ఫిట్ అని తీసుకున్నది వాళ్లే కదా. 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. చేరేటప్పుడు కాగితాల్లో జబ్బు రాయకపోతే అది సర్వీసులో వచ్చినట్టే అనుకోవాలి, కాదంటే బోర్డు కారణాలు రాయాలి, రుజువు చేసే భారం జవాను మీద వేయకూడదు అని. 2023 సెప్టెంబరు 21 నుంచి బయటికొచ్చినవాళ్లకు వేరే రూల్స్ పెట్టారు గానీ అప్పీలు హక్కు వాళ్లకూ ఉంది.

వైకల్యం శాతం దగ్గరా జాగ్రత్తగా చూసుకోవాలి. ఆ 2023 తేదీకి ముందు సర్వీసు పూర్తిచేసి వచ్చినవాళ్లకు కనీసం 20 ఉండాలి, 20 నుంచి 50 లోపు ఎంతున్నా 50 కింద లెక్కగడతారు. ఈ లాభం జబ్బు వల్ల మధ్యలో పంపేసినవాళ్లకే కాదు, ఇలా సర్వీసు పూర్తిచేసి వచ్చినవాళ్లకూ ఇవ్వాలని 2014లో రామ్ అవతార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అంటే బోర్డు 15 వేస్తే ఏమీ రాదు, 20 వేసి సర్వీసు వల్లే అని ఒప్పుకుంటే 50 లెక్కన జీవితాంతం వస్తుంది.

పెన్షన్ రాదన్న ఉత్తరం అందాక ఆరు నెలల్లోపు మొదటి అప్పీలు పెట్టుకోవాలి, అక్కడా కాదంటే రెండోది, ఆ తర్వాత సైనికుల కేసులు చూసే ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రైబ్యునల్. మన రెండు రాష్ట్రాలకూ అది చెన్నైలో ఉంది. శ్రీకాకుళం జవానో ఆదిలాబాద్ జవానో లాయరును పెట్టుకుని అక్కడిదాకా తిరగగలడా? తిరిగి గెలిచినా ప్రభుత్వం పైకోర్టుకు వెళ్తే మళ్లీ ఏళ్లు.

అందుకే నేను అడిగేది, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాల్లో అప్పీలు రాసిపెట్టే మనిషిని ప్రభుత్వాలు పెట్టాలి. బోర్డు కాగితాల కాపీ యూనిట్ వదిలే రోజే చేతికివ్వాలి. తమ్ముళ్లూ, మీరు కూడా ఆ ఉత్తరాన్ని డిశ్చార్జి బుక్కుతోపాటు ట్రంకులో పడేయకండి. హాస్పిటల్లో చేరిన కాగితాలు, ఏ ఏడాది ఎక్కడ పోస్టింగో రాసిన వివరాలు జతచేసి ఆరు నెలలు దాటకముందే అప్పీలు పంపండి.

- ఒక మాజీ హవల్దార్, పశ్చిమ గోదావరి జిల్లా