ఇంకా ఎన్ని రుజువులు చూపించాలండీ? జర్మనీ కార్మిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారూ, నమస్కారమండి. మాది పశ్చిమ గోదావరి, ఇజ్రాయెల్‌లో కేర్‌గివర్‌గా చేస్తున్నాను. నేను చూసుకునే మామ్మగారికి తొంభై ఐదు దాటాయి, నాజీలు యూదుల్ని బంధించి ఉంచిన పేటల్లో, అంటే ఘెట్టోల్లో, పని చేసినవాళ్లకి మీరిచ్చే ఘెట్టో పెన్షన్ వచ్చేది, ఇప్పుడు ఆగిపోయింది. తుంటి విరిగి హాస్పిటల్లో ఉండటంతో ఈసారి లైఫ్ సర్టిఫికెట్ లేటయ్యింది, తర్వాత పంపాం, ఎన్ని ఉత్తరాలు రాసినా జవాబు లేదు.

ఈవిడ ఎవరో మీవాళ్లకి తెలుసా అండీ? పోలండ్‌లో లోడ్జ్ ఊరు. 1940 ఏప్రిల్ 30న ఘెట్టో మూసేసినప్పుడు లోపల దాదాపు 1,60,000 మంది, వాళ్లలో ఈ చిన్నపిల్ల ఒకతి. జర్మన్ సైనికులు మంచులో బూట్ల మీద తొడుక్కునే గడ్డి జోళ్లు ఈవిడ అల్లేవారు, గడ్డి కోసుకుపోయి వేళ్లు పుళ్లు పడేవి, మధ్యాహ్నం ఒక గిన్నె సూప్. ఇప్పటికీ నేను సూప్ పోస్తుంటే గరిటె అడుగు దాకా ముంచి తియ్యమంటారు, దుంప ముక్కలు అడుగునే ఉంటాయని. 1942 సెప్టెంబరులో పదేళ్లలోపు పిల్లల్ని చెల్మ్నో అనే చావు శిబిరానికి పంపేశారు, అందులో ఆవిడ తమ్ముడూ పోయాడు, పనికెళ్లే పిల్ల కాబట్టి ఈవిడ మిగిలారు.

అలాంటి మనిషిని, ఘెట్టోలో చేసిన పనికి పెన్షన్ ఇచ్చే 2002 చట్టం వచ్చాక మీ ఆఫీసులు ఏమడిగాయి? ఇష్టపడే చేశావా, జీతం ఇచ్చారా, రుజువేది అని! 70,000 మంది దాకా అప్లై చేస్తే నూటికి తొంభై పైన రిజెక్ట్, 2009లో కోర్టు చెప్తేగానీ కదల్లేదు, 1997 నుంచి బకాయిలు ఇవ్వడానికి 2014 దాకా పట్టింది. ఈలోపు ఆవిడ అక్కగారు పోయారు. ఇక 1944 ఆగస్టులో ఈవిడని నాజీల చావు శిబిరం ఆష్విట్జ్‌కి, అక్కణ్ణుంచి గ్రాస్ రోజెన్ అనే ఇంకో నాజీ శిబిరం కింద ఉన్న లేబర్ క్యాంపుకి తోలి ఫ్యాక్టరీలో రాత్రీపగలూ చేయించారే, అదేమో బలవంతపు పని కాబట్టి ఆ చట్టం కిందకి రాదట. ఘెట్టోలో ఇష్టపడి చేసినట్టు చూపించాలి, క్యాంపులో బలవంతంగా చేయించారు కాబట్టి లెక్కలోకి రాదు, ఇదెక్కడి న్యాయమండీ?

ఇప్పుడు బతికున్నట్టు రుజువు. పోస్టు వచ్చిందా అని రోజూ అడుగుతారు, ఏం చెప్పాలో నాకు తెలీట్లేదు. డబ్బొక్కటే కాదండి, మళ్లీ నన్ను నమ్మట్లేదు అని బాధపడుతున్నారు.

దయచేసి ఈ వయసు వాళ్లని కాగితాల కోసం తిప్పకండి. అనుమానం ఉంటే మనిషిని ఇంటికి పంపించండి, లేదా ఫోన్ చెయ్యమనండి, ఆవిడకి జర్మన్ బాగానే వచ్చు. పెన్షన్ మళ్లీ మొదలుపెట్టించండి, ఆగిన నెలలవి కూడా కలిపి ఇప్పించండి, త్వరగా.