వికీలో రాసేవాడికి ఏ బ్రౌజరు?

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం అందింది. ఉద్యోగ విరమణ తర్వాత మీ ఊరి గురించీ, చుట్టుపక్కల చెరువుల గురించీ తెలుగు వికీపీడియాలో వ్యాసాలు రాయడానికి కూర్చున్నావని చదివి ఎంతో సంతోషించాను. ఏ బ్రౌజరులో రాయమంటావని అడిగావు. అన్నీ ఒకటేనని మీ అబ్బాయి కొట్టిపారేశాడని కూడా రాశావు. పేజీలు చదువుకోవడం వరకు మీ అబ్బాయి మాటే నిజం. గంటల తరబడి కూర్చుని రాసేవాడికి మాత్రం తేడాలున్నాయి. అవి వేగంలో లేవు. ప్రచురించకముందే కరెంటు పోతేనో, చెయ్యి తగిలి ట్యాబు మూసుకుపోతేనో, అప్పటిదాకా రాసినది తిరిగి దొరుకుతుందా లేదా అన్న దగ్గర ఉన్నాయి. నన్నడిగితే కంప్యూటరు మీద రాతపనికి ఫైర్‌ఫాక్స్ పెట్టుకో, సరిచూసుకోవడానికి క్రోమో ఎడ్జో పక్కన ఉంచుకో అంటాను. ఎందుకో కాస్త వివరంగా చెబుతాను.

వికీలో సోర్సును సవరించే పెట్టె నిజానికి వెబ్ పేజీలో ఉండే మామూలు ఫారమ్ పెట్టె. ఆ పెట్టెలో ఉన్న పాఠ్యాన్ని ఎంత జాగ్రత్తగా గుర్తుపెట్టుకోవాలనేది ఒక్కో బ్రౌజరు ఒక్కో రకంగా తేల్చుకుంది. పేజీని మామూలుగా రీలోడ్ చేసినా పెట్టెలో ఉన్న రాతను అట్టే ఉంచడం ఫైర్‌ఫాక్స్‌కు ఎప్పటినుంచో ఉన్న అలవాటు. 2006లో వచ్చిన రెండో వెర్షను నుంచి, అది ఉన్నట్టుండి ఆగిపోతే పాత ట్యాబులన్నింటినీ మళ్లీ తెరిచే సదుపాయం దానితోపాటే వస్తోంది. ట్యాబులతో పాటు వాటిలోని పెట్టెల్లో రాసుకున్న పాఠ్యాన్ని కూడా తిరిగి నింపడానికి ప్రయత్నిస్తుంది. క్రోములో వెనక్కు వెళ్లి మళ్లీ ముందుకు వస్తే రాత చాలాసార్లు నిలుస్తుంది గానీ, రీలోడ్ మీద చెయ్యి పడిందంటే పెట్టె మొదటికొస్తుంది. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని ఊళ్లో కూర్చుని సమాచారపెట్టె మూసను (వ్యాసం పక్కన ముఖ్య వివరాలు చూపే పట్టిక నమూనాను) ఒక్కొక్క వరుసా నింపేవాడికి ఇంతకంటే పెద్ద కారణం అక్కర్లేదు.

ఈ భారమంతా బ్రౌజరు మీదే వేయనక్కర్లేదులే. ప్రచురించని మార్పులను కాపాడే సదుపాయం ఇప్పుడు వికీపీడియాను నడిపే మీడియావికీ సాఫ్ట్‌వేరులోనే ఉంది. నీ అభిరుచుల (ప్రిఫరెన్సుల) పేజీలో దిద్దుబాటు భాగంలోకి వెళ్లి దాన్ని ఆన్ చేసుకుంటే, నువ్వు రాస్తున్నది ఎప్పటికప్పుడు ఆ బ్రౌజరు నిల్వలోనే దాచి, మామూలుగా 30 రోజుల దాకా ఉంచుతుంది. దాచేది వికీ సర్వరులో కాదు, నీ బ్రౌజరులో అన్నది గుర్తుంచుకో. ఒక బ్రౌజరులో సగం రాసి వదిలేసింది ఇంకో బ్రౌజరులో కనిపించదు. ప్రైవేటు కిటికీలో రాసి దాన్ని మూసేస్తే దాంతోపాటే పోతుంది. కంప్యూటరు శుభ్రం చేస్తామని చెప్పే సాఫ్ట్‌వేర్లు కుకీలతో (సైట్లు బ్రౌజరులో దాచుకునే చిన్న గుర్తులతో) పాటు దీన్నీ ఊడ్చేయగలవు. అందుకే రాతకంతటికీ ఒకే బ్రౌజరును పట్టుకుని ఉండమంటున్నాను. గ్రంథాలయంలోని కంప్యూటరులో కూడా రాస్తానన్నావు కదా, అక్కడ మాత్రం ప్రైవేటు కిటికీలోనే లాగిన్ అయి, లేచేటప్పుడు తప్పకుండా లాగౌట్ అవ్వు. అది విండోస్ 7 మీద నడిచే పాతదని రాశావు. ఆ విండోస్‌కు క్రోము 109వ వెర్షనుతోనే, 2023లో ఆగిపోయింది. ఫైర్‌ఫాక్స్ తన 115 అనే దీర్ఘకాలిక వెర్షనుకు ఆ తర్వాత కూడా భద్రతా సవరణలు ఇస్తూ వచ్చింది. అక్కడ కూడా ఫైర్‌ఫాక్సే మేలు.

ఇక తెలుగు అక్షరాల సంగతి. విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో కంట్రోల్ ప్యానెల్లోకి వెళ్లి సంక్లిష్ట లిపుల మద్దతును విడిగా ఆన్ చేస్తే తప్ప ఒత్తులు తిన్నగా కూర్చునేవి కావు. అప్పట్లో బ్రౌజరు ఎంపిక అంటే తెలుగు కనబడే బ్రౌజరును వెతుక్కోవడమే. ఇప్పుడు ఫైర్‌ఫాక్సూ, క్రోమూ హార్ఫ్‌బజ్ అనే ఒకే కూర్పు యంత్రంతో అక్షరాలను పేరుస్తాయి కాబట్టి ఆ బెంగ తీరింది. అంతమాత్రాన మన లిపి అందరికీ లొంగిపోయిందనుకోకు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అనే అక్షరాన్ని ఒక ప్రత్యేకమైన వరుసలో, మధ్యలో కంటికి కనిపించని ఒక విడదీత గుర్తుతో రాసి పంపితే ఐఫోన్లలో సందేశాల యాప్‌లు కుప్పకూలిపోయాయి. యాపిల్ ఆ నెల 19న 11.2.6 అనే నవీకరణ విడుదల చేసి సరిచేయవలసి వచ్చింది. విజ్ఞాన సర్వస్వంలో పనిచేసేవాళ్లకు ఆ అక్షరమే దొరకడం విడ్డూరం కాదూ!

ఆ కనిపించని గుర్తు నీకు వికీలో రోజూ ఎదురవుతుంది. ‘సాఫ్ట్‌వేర్’ అని రాసినప్పుడు ట కింద వ ఒత్తుగా దిగిపోకుండా ఆపేది అదే. వ్యాసం పేరులో అది ఉండి నీ లంకెలో లేకపోతే, వ్యాసం ఉన్నా లంకె ఎర్రగానే ఉంటుంది. ఏ బ్రౌజరూ దాన్ని కంటికి చూపించదు కాబట్టి, పేరును చేత్తో కొట్టకుండా వ్యాసంలోంచి కాపీ చేసుకోవడం క్షేమం. ఇంకో చిన్న సంగతి కూడా చూడు. ‘లక్ష్మీ’ చివర కర్సరు పెట్టి బ్యాక్‌స్పేస్ కొడితే ముందు దీర్ఘం ఒక్కటే పోతుంది, ఆ తర్వాత మ, ఆపైన పొల్లు. డిలీట్ మీట కొడితే మాత్రం కర్సరుకు కుడివైపున్న అక్షరం గుణింతంతో సహా ఒక్క దెబ్బకు పోతుంది. గుణింతం ఒక్కటే దిద్దాలంటే వెనకనుంచి రావడమే తేలిక.

టైపు చేయడానికి బ్రౌజరులో ఏ పొడిగింతా వేసుకోనక్కర్లేదు. వికీలోనే ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే లిప్యంతరీకరణా, ఇన్‌స్క్రిప్టు కీబోర్డూ ఉన్నాయి. రాతపెట్టెలో ఉండగా కంట్రోల్‌తో ఎం నొక్కితే తెలుగుకూ, ఇంగ్లీషుకూ మారుతుంది. విండోస్ కీబోర్డే అలవాటైతే ఒక చిక్కుంది. ఫైర్‌ఫాక్స్‌లో ఆల్ట్, షిఫ్ట్ పట్టుకుని పి నొక్కితే మునుజూపు (ప్రివ్యూ), వి నొక్కితే తేడాలు, ఎస్ నొక్కితే ప్రచురణ జరుగుతాయి. ఈ ఆల్ట్-షిఫ్ట్ జంటనే కీబోర్డు భాష మార్చడానికి విండోస్ కూడా వాడుకుంటుంది. మునుజూపు చూసి తిరిగొచ్చేసరికి తెలుగు కాస్తా ఇంగ్లీషైపోయి ఉంటే తికమకపడకు. విండోస్ సెట్టింగులలో ఆ జంటను తీసేసి, భాష మార్చడానికి విండోస్ మీటా స్పేసూ వాడుకో.

లాగిన్ విషయానికి వద్దాం. చెరువుల ఫొటోలు వికీల ఉమ్మడి బొమ్మల భాండారమైన కామన్స్‌లోకి ఎక్కించాలన్నావు. వికీపీడియాలో లాగిన్ అయితే కామన్స్‌లోనూ అయినట్టే ఉండాలి గానీ, వేరే సైట్ల కుకీలను యాపిల్ వారి సఫారీ బ్రౌజరు 2020లో పూర్తిగా అడ్డుకోవడంతోనూ, ఫైర్‌ఫాక్స్ 2022లో ఏ సైటు కుకీలను ఆ సైటుకే పరిమితం చేయడంతోనూ ఈ ఏర్పాటు కొంత తడబడింది. ఆ తర్వాత వికీపీడియాను నడిపే వికీమీడియా సంస్థ అన్ని వికీలకూ ఉమ్మడిగా ఒకే లాగిన్ చిరునామా పెట్టుకుంది. ఇప్పటికీ కుకీలను మరీ బిగించేస్తే, ప్రచురించబోయే సమయానికి సెషన్ సమాచారం పోయిందన్న హెచ్చరిక రావచ్చు. అప్పుడు కంగారుపడి ట్యాబు మూయకు. రాసినది కాపీ చేసి పక్కన పెట్టుకుని, మళ్లీ ప్రచురించు.

వీపీఎన్, అంటే మన కంప్యూటరు అసలు ఇంటర్నెట్ చిరునామాను (ఐపీని) దాచే ఏర్పాటు, దాని గొడవ ఇంకా పెద్దది. ఒపేరాలో అది లోపలే అమర్చి ఉంటుంది, సఫారీకి యాపిల్ ప్రైవేట్ రిలే ఉంది, టోర్ బ్రౌజరు సంగతి సరేసరి. విధ్వంసం చేసేవాళ్లు వీటి చాటున దాక్కుంటారు కాబట్టి ఇలాంటి ఐపీ చిరునామాల నుంచి దిద్దుబాట్లను వికీపీడియా సాధారణంగా నిరోధిస్తుంది. లాగిన్ అయి ఉన్నా సరే, నువ్వే తప్పూ చేయకపోయినా, నిరోధంలో ఉన్నావన్న నోటీసు కనిపిస్తుంది. కొత్తవాళ్లు చాలామంది అక్కడే చిన్నబుచ్చుకుని మానేస్తారు. వికీ ఉన్న బ్రౌజరులో దాన్ని ఆపేసి ఉంచు.

ఫోను గురించి ఎక్కువ చెప్పను. ఐఫోనులో మన దేశంలో ఏ పేరున్న బ్రౌజరు వేసుకున్నా లోపల నడిచేది సఫారీ యంత్రమైన వెబ్‌కిట్టే, కాబట్టి ఎంపిక పేరుకే. ఆండ్రాయిడ్‌లో ఆధారం వెతకడానికి మరో యాప్‌లోకి వెళ్లి వచ్చేసరికి, మెమొరీ చాలక ట్యాబు మళ్లీ లోడవుతుంది. అచ్చుతప్పులు దిద్దడం, బొమ్మకు వ్యాఖ్య చేర్చడం వరకే ఫోను.

రెండో బ్రౌజరు ఎందుకంటావా? ఎడ్జ్ 2020 నుంచీ, ఒపేరా 2013 నుంచీ క్రోముకు పునాది అయిన క్రోమియం మీదే నడుస్తున్నాయి. బ్రేవ్, వివాల్డీలు కూడా అంతే. పాఠకులలో ఎక్కువమందికి పేజీ కనిపించే తీరు చూడాలంటే వాటిలో ఒకటి చాలు. అందులో లాగిన్ కాకుండా నీ వ్యాసం తెరిచి చూడు. పట్టిక గానీ మూస గానీ అక్కడ బాగానే ఉండి నీ ఫైర్‌ఫాక్స్‌లో చెదిరితే, ముందుగా వికీ అభిరుచులలో నువ్వు ఆన్ చేసుకున్న ఉపకరణాలను (గాడ్జెట్లను) అనుమానించు. అవి తీసేసినా తేలకపోతే తెలుగు వికీపీడియా చర్చావేదిక అయిన రచ్చబండలో అడుగు. బ్రౌజరు పేరు, వెర్షను, నువ్వు వాడే వికీ రూపం (స్కిన్), ఏది నొక్కితే ఏమైందో రాస్తే ఎవరో ఒకరు ఆ సాయంత్రానికే చూసిపెడతారు. వెర్షను అంకె ఫైర్‌ఫాక్స్ మెనూలో సహాయం కింద ఉంటుంది.

చెల్లెమ్మకు నా ఆశీస్సులు. ఫొటోలు ఎక్కించాక లంకె పంపడం మరిచిపోకు.

ఇట్లు,
నీ స్నేహితుడు