మా సందులోకి వచ్చిన ఆ అక్కకు

అందరికీ నమస్కారం. మాది విజయవాడ సింగ్‌నగర్. ఒళ్లంతా నొప్పులు, చేతులకు బురద వాసన ఇంకా పోలేదు. అయినా ఇవాళ రాయకపోతే మనసు ఊరుకోదు.

2024 సెప్టెంబర్ 1 ఆదివారం బుడమేరు వాగు మా ఇళ్లలోకి వచ్చింది. ఎగువన మళ్లింపు కాలువ గట్టుకు గండ్లు పడ్డాయి. ఆ కాలువ కలవాల్సిన కృష్ణ చూస్తే ప్రకాశం బ్యారేజీ దగ్గర పొంగి పారుతోంది, మర్నాటికి 11 లక్షల క్యూసెక్కులు దాటింది. నదిలోకి పోలేని నీళ్లన్నీ మా మీద పడ్డాయి. మేం అద్దెకుండేది కింది వాటాలో. మా ఆయన, తెనాలి నుంచి వచ్చిన అన్నయ్య పిల్లల్నీ అత్తయ్యనీ బయటికి చేర్చారు. సొంతవాళ్లకు వేరే దండాలు చెప్పేదేముంది.

నేను చెప్పాల్సింది ఒక పారిశుధ్య కార్మికురాలి గురించి. నీళ్లు తీశాక శుభ్రం చేయడానికి వేరే ఊళ్ల నుంచి పిలిపించినవాళ్లలో ఆవిడ ఒకరు. నేను జాకెట్లు కుడతాను. దసరాకని జనం ఇచ్చిన గుడ్డలన్నీ సంచులతో సహా బురదలో కూరుకుపోయాయి. మిషను సగం వరకు మట్టి. నా వస్తువులు పోతే నేనే ఏడుస్తాను, ఊరివాళ్ల గుడ్డలకు ఏం సమాధానం చెప్పను? గుమ్మంలో నిలబడ్డాను గానీ లోపలికి అడుగు పడలేదు.

ఆ అక్క వీధిలో పారతో బురద ఎత్తుతోంది. ఆవిడ పని వీధి వరకే. నన్ను చూసి పార గోడకు ఆనించి లోపలికి వచ్చేసింది. "ఏడవమాక తల్లీ, ముందు గుడ్డలు బయటికి తియ్యి. ఇంకా నానితే కుళ్లిపోతాయి" అంది. అది వాళ్ల భోజనాల టైము. తనకిచ్చిన పొట్లం పక్కన పెట్టి, ట్యాంకర్ దగ్గర నీళ్లు పట్టుకొచ్చి, నా పక్కనే గొంతుక్కూర్చుని ఒక్కో ముక్కా జాడించింది. రంగు పోయేవి వేరుగా పెట్టింది. మధ్యలో తలెత్తి, "పొద్దున్నుంచి ఏమన్నా తిన్నావా?" అని అడిగింది. అప్పటిదాకా పిల్లల ముందు ఆపుకున్న ఏడుపంతా అప్పుడు వచ్చింది. నాకు మాట రాలేదు. ఆవిడ చేతులు కడుక్కుని, పొట్లం విప్పి, సగం పులిహోర నా చేతిలో పెట్టింది. డబ్బులు ఇవ్వబోతే, "మా ఊరు మునిగితే నువ్వు రావా?" అని నా చెయ్యి మూసేసింది.

ఆవిడ కాళ్లకు బూట్లు లేవు. వేళ్ల సందుల్లో చర్మం ఒరుసుకుపోయి తెల్లగా ఉంది. రాత్రిళ్లు పడక ఒక స్కూలు వరండాలోనట. ఊరు మునిగితే ముందుగా పిలిచేది వీళ్లనే కదా, ఒక జత బూట్లు ఇవ్వడానికి ఏమైంది?

బాధగా ఉంది కాబట్టి ఇదీ చెప్తున్నాను. 2005లోనూ బుడమేరు ముంచింది. అయినా ఈసారి నీళ్లు గుమ్మం ఎక్కేదాకా మా సందులో ఎవరికీ కబురు లేదు. పడవలు, అన్నం పొట్లాలు చాలావరకు మెయిన్ రోడ్డు దగ్గరే ఆగిపోయాయి. మునిగిన కింది వాటాకు 25 వేలు అన్నారు. పేర్లు రాసుకునేవాళ్లు మా ఇంటికి తాళం ఉందని దాటిపోయారు. మునిగిన ఇంట్లో ఎవరుంటారండీ? అద్దె చవకని పల్లపు కాలనీల్లో ఉండేది కూలీలు, ఆటోవాళ్లు, మాలాంటివాళ్లు. ముందు మునిగేది మేమే, జాబితాలో చివర ఎక్కేదీ మేమే. వానలు ఇలా ఒక్కసారిగా కుండపోతగా పడుతుంటే మళ్లీ రాదని నమ్మకం ఏముంది? అందుకే మా డ్వాక్రా గ్రూపు ఆడవాళ్లం ఒక పుస్తకం మొదలుపెట్టాం. ఏ ఇంట్లో మంచాన ఉన్న పెద్దవాళ్లు ఉన్నారు, చంటిపిల్లలు ఎక్కడ, నీళ్లొస్తే ఎవరి డాబా మీదకు ఎక్కాలి, అన్నీ రాస్తున్నాం. అద్దెకున్నవాళ్ల పేర్లతో సహా.

అయ్యో, పై వాటా పిన్నిగారిని మరిచేపోయాను! రాత్రంతా పన్నెండు మందిమి ఆవిడ వంటింట్లోనే ఉన్నాం. పడవ తెచ్చిన జాలరి అన్నలకు, నడుంలోతు నీళ్లలో పాల ప్యాకెట్లు మోసిన పక్క సందు కుర్రాళ్లకు, అత్తయ్య బీపీ మాత్రలు అప్పుగా ఇచ్చిన మెడికల్ షాపు ఆయనకు దండాలు. మిషను విప్పి ఆయిల్ వేసి, పైసా తీసుకోని మెకానిక్ బాబాయికి కూడా. ఇంకెవరినైనా వదిలేస్తే చెప్పండి, చేరుస్తాను.

గుడ్డలు ఇచ్చినవాళ్లకు ఒక మాట: చాలావరకు మరక వదిలింది. వచ్చి చూసుకోండి. మిషను తిరుగుతోంది, దసరాకి కుట్టి ఇస్తాను.