సీటీసీకి వెళ్లేముందు

తెనాలి,
శుక్రవారం రాత్రి

బుజ్జమ్మా,

ఎట్లా ఉన్నావు? ఇక్కడ అందరం బాగున్నాం. నాన్న కంట్లో చుక్కలు వేయడం ఇంకో వారంతో అయిపోతుంది. మామ్మ మోకాళ్లకి కొత్త నూనె బాగానే పట్టింది. కొట్లో పని పెద్దగా లేదు, శుభలేఖలు కూడా ఫోన్లోనే పంపుకుంటున్నారు.

నువ్వు ఫోన్ చేసి పదకొండు రోజులైంది. ఇరవయ్యో తారీఖులోపు జీఎస్‌టీ రిటర్నులుంటాయి, అప్పటిదాకా తలెత్తవని తెలుసు కాబట్టి ఊరుకున్నాను. ఇరవై దాటి కూడా మూడు రోజులైంది తల్లీ.

నిన్న చంటి బావ వచ్చాడు. టీ తాగుతూ మాటల్లో చెప్పాడు. ఆడిట్లకి మోసుకు తిరిగీ తిరిగీ నీ లాప్‌టాప్ హింజ్ విరిగిందట. కొన్నాళ్లు తెర వెనక పుస్తకాలు పెట్టి నెట్టుకొచ్చావట. ఇప్పుడది పూర్తిగా పోతే, నీ రూమ్మేట్ పడుకున్నాక ఆ అమ్మాయి సిస్టమ్ మీద రాత్రి రెండింటిదాకా కూర్చుంటున్నావట. నిజమేనా? కళ్లద్దాల పవర్ మళ్లీ పెరిగిందా? రాత్రిళ్లు అన్నం తింటున్నావా, మ్యాగీతో సరిపెడుతున్నావా?

నాన్న ఆపరేషన్‌కి ఖర్చయిందని మమ్మల్ని అడగకూడదనుకున్నావట. అందుకని ఆఫర్లో అన్నిటికంటే చవకది ఒకటి కొనేస్తానన్నావట. ఆ మాట విన్న దగ్గర్నుంచీ నా మనసు మనసులో లేదు. నీకు పాఠం చెప్పాలని కాదు, 2006 సంగతి ఒక్కటి గుర్తు చేస్తాను. నీకప్పుడు మూడేళ్లు.

మాఘమాసం. కొట్టుకి కొత్త సిస్టమ్ అసెంబుల్ చేయించాను. లోపల కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ పెట్టె మంచిది వేస్తే ఇంకో పద్దెనిమిది వందలవుతుందన్నాడు షాపతను. క్యాబినెట్‌తో వచ్చేదే చాలన్నాను. నాన్న వద్దన్నా వినలేదు, మొండిగా మిగిల్చాను. మూడు వారాలు బాగానే నడిచింది. ఒక సాయంత్రం కరెంటు పోయి ఒక్కసారిగా ఎక్కువ వోల్టేజీతో వచ్చింది. టప్‌మని చప్పుడు, కాలిన వాసన. ఎస్‌ఎంపీఎస్ ఒక్కటే పోలేదు, బోర్డునీ హార్డ్ డిస్కునీ కూడా తీసుకుపోయింది. డిస్కులో పద్నాలుగు పెళ్లిళ్ల శుభలేఖలున్నాయి. వేరే సీడీలో కాపీ లేదు. సీపీయూని దుప్పట్లో చుట్టుకుని, నిన్ను చంకనేసుకుని ప్యాసింజర్ రైల్లో విజయవాడ వెళ్లాను. డిస్కు ఇక రాదన్నారు. పక్క వీధి సెంటర్ వాళ్లు రాత్రిళ్లు సిస్టమ్ ఇస్తే, నిన్ను బల్ల కింద చాప మీద పడుకోబెట్టి పద్నాలుగూ మళ్లీ కొట్టాను. నిద్ర మత్తులో ఒకదాంట్లో ముహూర్తం తప్పు పడింది. ఆ పెళ్లికూతురి తండ్రి కొట్టుకొచ్చి నిలబడ్డ తీరు ఇప్పటికీ కళ్లముందే ఉంది. మూడు వందల కార్డులు మా డబ్బుతో మళ్లీ వేయించాం. పద్దెనిమిది వందలు మిగిల్చినదాన్ని, పదిహేను వేలు దాటి పెట్టాల్సి వచ్చింది.

అదే కొట్లో నువ్వు అఆలు కొట్టడం నేర్చుకున్న టీవీఎస్ గోల్డ్ కీబోర్డు ఉంది చూడు. దాని ధరకి మామూలు కీబోర్డులు నాలుగు వచ్చేవి. నాలుగు సిస్టమ్‌లు మారాయి, అది మారలేదు. ఈ పూట కూడా దాని మీదే కొట్టాను.

నీకు లక్ష రూపాయల మిషన్ కావాలని నేననడం లేదు. నీ రూమ్మేట్ మాక్‌బుక్ ఎయిర్ మంచిదే. 2020లో ఎం1 చిప్పు వచ్చాక వాటికి ఫ్యానే లేదు, చార్జింగ్ కూడా చాలాసేపు వస్తుంది. కానీ నీ పనంతా లెక్కలు రాసే ట్యాలీలో కదా, ట్యాలీకి విండోస్ కావాలి. సీఏ ట్రైనింగులో ఇచ్చే ఆర్టికల్‌షిప్ స్టైపెండ్‌తో దానికి ఈఎంఐలు కడుతూ కూర్చోవద్దు.

మరీ చవకవాటిలో ఏం ఉంటుందో అడిగి చూడు. నాలుగు జీబీ ర్యామ్, అదీ బోర్డుకే అతికించి ఉంటుంది, తర్వాత పెంచుకోలేవు. ఫైళ్లు దాచే చోట ఎస్‌ఎస్‌డీ బదులు, నెమ్మదిగా నడిచే ఈఎంఎంసీ అని ఉంటే ముట్టుకోకు. అరవై నాలుగు జీబీ ఈఎంఎంసీలో విండోస్ అప్‌డేట్లకే చోటు చాలదు, నీ ఎక్సెల్ షీట్లు ఎక్కడ పెడతావు? ర్యామ్ ఎనిమిది జీబీకి తగ్గొద్దు, పదహారైతే నేను నిశ్చింతగా ఉంటాను.

నన్నడిగితే, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీకి వెళ్లు, అదే, కంప్యూటర్ కొట్లుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి. కంపెనీలు కొన్నేళ్లు వాడి వదిలేసిన థింక్‌ప్యాడ్, లాటిట్యూడ్, ఎలైట్‌బుక్ లాప్‌టాప్‌లు దొరుకుతాయి. అవి ఆఫీసుల కోసం చేసినవి. హింజ్ గట్టిగా ఉంటుంది, కీబోర్డు పోతే విడిగా వేసుకోవచ్చు. ప్రాసెసర్ ఇంటెల్‌దైతే ఎయిత్ జెన్, అంటే ఎనిమిదో తరం కంటే పాతది తీసుకోకు, దానికి విండోస్ 11 అధికారికంగా ఇవ్వరు. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ ఆపేశారు, క్లయింట్ల లెక్కలన్నీ ఉండే మిషన్‌లో అది పెట్టుకుంటావా? బ్యాటరీ రిపోర్టు నీ ముందే తీయమను. కొత్తలో ఎంత చార్జింగ్ పట్టేదో, ఇప్పుడెంత పడుతోందో రెండు అంకెలూ ఉంటాయి. అన్ని కీలూ ఒక్కొక్కటే నొక్కి చూడు. తెర పదిసార్లు తెరిచి మూయి. బిల్లు, వారంటీ కాగితం చేతికొచ్చాకే డబ్బివ్వు. ఒక్కదానివే వెళ్లకు, చంటి బావ ఆదివారం ఖాళీయేనట.

చూశావా, పాఠమే చెప్పాను. ఏం చేయను, నువ్వు మాట్లాడకపోతే ఇట్లా కాగితం నింపుతాను.

చీటీ పాట నాకొచ్చింది. ముప్పై వేలు సోమవారం నీ ఖాతాలో పడతాయి. వెనక్కి పంపావో, నేనే బస్సెక్కి వస్తాను. నాన్న కంటికి కట్టాల్సిందంతా కట్టేశాం, ఎవరికీ బాకీ లేదు.

చంటి బావ చేత గోంగూర పచ్చడి, కందిపొడి పంపుతున్నాను. సీసా మూతకి టేపు వేశాను, కత్తితో తీయకు, చెయ్యి తెగుతుంది. ఎర్ర సంచిలో పెన్‌డ్రైవ్ ఒకటి పెట్టాను. పాత లాప్‌టాప్ పారేయకు, అందులో డిస్కు బాగుంటే నీ ఫైళ్లన్నీ తీయించి ముందు దాంట్లో వేసుకో.

రేపు రాత్రి తొమ్మిదింటికి ఫోన్ పక్కనే పెట్టుకుని కూర్చుంటాను.

అమ్మ